ముక్క ముందు, మాత్ర తర్వాత

ఉత్తర తెలంగాణలో ఎముకల డాక్టరు దగ్గరికి వచ్చే భుజం నొప్పికి ఊరికో పేరు. రెక్క గుంజుతోందంటారు ఒకరు, జబ్బ పట్టేసిందంటారు ఇంకొకరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు వెంట వస్తే, తల్లి నోరు తెరవకముందే ‘ఫ్రోజెన్ షోల్డర్ అంట సార్’ అని తేల్చేస్తాడు. ఎక్కువసార్లు అతని మాటే నిజమవుతుంది. నలభై, అరవై ఏళ్ల మధ్య వయసు, ఒంట్లో షుగరు, ఏ దెబ్బా తగలకుండానే మెల్లగా బిగిసిన కీలు, శుభ్రంగా ఉన్న ఎక్స్‌రే. కీలు చుట్టూ ఉండే పొర ముడుచుకుపోవడమే అక్కడి గొడవ. ఎముకకు ఏమీ కాదు. వ్యాయామం చేస్తూ ఓపిక పడితే ఒకటి నుంచి మూడేళ్లలో చాలావరకు వదులుతుంది.

నేను రాయదలచుకున్నది మిగిలిన కొద్దిమంది గురించి. వాళ్లకూ చెయ్యి లేవదు, రాత్రి నిద్ర ఉండదు. కాకపోతే రోగం పొరలో కాక ఎముకలోనే ఉంటుంది. నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి లోపల రగులుతూనే ఉంటుంది. నా దగ్గరికి ఇలాంటివి ముఖ్యంగా మూడు రకాలు వచ్చాయి. ఎముకకు పట్టిన టీబీ ఒకటి. చిన్నప్పటి చీము జబ్బు మానకుండా మిగిలిపోయిన పాత ఆస్టియోమైలైటిస్ రెండోది. ఏ క్రిమీ లేకుండానే ఒంట్లోని రక్షణ వ్యవస్థ దారి తప్పి ఎముకను వాపెక్కించే జబ్బు మూడోది. నొప్పి, వాపు, ఎక్స్‌రేలో కరిగిన ఎముక, ఇవి మూడింటిలోనూ ఉంటాయి. వైద్యం మాత్రం ఒకదానితో ఒకటి పొసగదు. మొదటిదానికి ఏడాది పాటు మాత్రలు కావాలి. రెండోదానికి కత్తి కావాలి. మూడోదానికి యాంటీబయాటిక్‌తో పనే లేదు. అందుకే మా పనిలో సగం పేరు తేలేదాకా తొందరపడకపోవడం. మిగతా సగం పేరు తేలాక విసుగుపడకపోవడం.

చొక్కా విప్పించాలి

ఓపీ గది బయట వరుస పొడుగ్గా ఉంటుంది. మగవాళ్లు చొక్కా గుండీ ఒకటి తీసి ‘ఇగో ఇక్కడ’ అంటారు. ఆడవాళ్లు కొంగు మీదనుంచే వేలు పెట్టి చూపిస్తారు. అలా చూస్తే భుజం ఏ సంగతీ చెప్పదు. తెర వెనక్కి తీసుకెళ్లి, సిస్టరును పక్కన ఉంచుకుని, రెండు భుజాలూ ఒకేసారి కనిపించేలా కూర్చోబెట్టాలి. ఒక భుజానికి సరైన కొలత ఆ మనిషి రెండో భుజమే.

ముట్టుకోక ముందు కండ చూస్తాను. భుజం గుండ్రంగా ఉండేది డెల్టాయిడ్ కండ వల్ల. ఎముక టీబీలో ఆ కండ కొద్ది నెలల్లోనే కరిగిపోతుంది. వెనక గూడ ఎముక గట్టు తేలి కనిపిస్తుంది. మామూలు ఫ్రోజెన్ షోల్డర్‌లో కండ ఇంతగా తగ్గదు. తర్వాత చంకలో గడ్డలున్నాయా, పాత మచ్చలున్నాయా, ఎక్కడన్నా చీము కారే రంధ్రం ఉందా అని చూస్తాను. కాలర్ బోన్‌ను ఈ చివరనుంచి ఆ చివరిదాకా వేలితో తడుముతాను. అరచేతులు, అరికాళ్లు చూపించమంటాను. భుజం నొప్పికి వస్తే పాదాలు చూస్తున్నాడేమిటని రోగులు నవ్వుతారు. మూడో రకం జబ్బు ఆనవాళ్లు కొందరికి అక్కడే దొరుకుతాయి.

ప్రశ్నల్లోనూ పుస్తకంలో లేనివి ఉంటాయి. బరువు తగ్గారా అని అడిగితే ఎవరికీ తెలియదు. ఇంట్లో తూకం ఉండదు. ‘జాకెట్ వదులైందా అమ్మా?’ అని అడిగితే వెంటనే చెబుతారు. సాయంత్రం జ్వరం వస్తుందా అంటే లేదంటారు. పొద్దుగూకేసరికి ఒళ్లు వెచ్చబడి దుప్పటి కప్పుకోవాలనిపిస్తుందా అంటే అవునంటారు.

ఎక్స్‌రే కూడా మొదట్లో పెద్దగా సాయం చేయదు. ఎముకలోని ఖనిజంలో దాదాపు మూడో వంతు పోతే గానీ ఫిల్ములో తేడా కంటికి ఆనదు. మొదటి ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగుందని కాదు. అనుమానం తీరకపోతే నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత మళ్లీ తీయించాలి, వీలైతే ఎంఆర్‌ఐ చేయించాలి. ఆ ఎదురుచూసే వారాల్లో భుజంలోకి స్టెరాయిడ్ సూది వేయకుండా ఆగడం డాక్టరుకూ కష్టమే, రోగికీ కష్టమే.

బీడీలు చుట్టే భుజం

ఆమెకు యాభై దాటాయి. జగిత్యాల వైపు పల్లె. చిన్నప్పటినుంచీ బీడీలు చుట్టడమే పని. ‘రెక్క లేస్తలేదు సారు. జడ ఏసుకుందామంటే చెయ్యి ఎన్కకు పోదు. బిడ్డ ఏస్తది’ అంది. ఎన్నాళ్లనుంచి అంటే, పోయిన బతుకమ్మ పండుగ నుంచి అని చెప్పింది. అప్పటికి దాదాపు ఏడాది.

బీడీ పని చేసేవాళ్లు ఆలస్యంగా రావడానికి కారణం ఆ పనిలోనే ఉంది. చాట ఒళ్లో పెట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించుకుని, వేళ్లతో చుట్టే పని అది. భుజం బిగిసినా బీడీల లెక్క తగ్గదు, కూలి తగ్గదు. సిరిసిల్లలో మరమగ్గం మీద పనిచేసే మనిషి అలా కాదు. తెగిన పోగు అతకడానికి రోజంతా చేతులు చాచాలి. అతనికి చెయ్యి పట్టేస్తే ఆ వారమే కూలి పడిపోతుంది, ఆ వారమే వస్తాడు. ఎంత నొప్పి ఉందని అడిగేకన్నా చేసే పనేమిటని అడిగితే జబ్బు వయసు బాగా తెలుస్తుంది.

వేరే చోట ఆమెకు షోల్డర్‌లో స్టెరాయిడ్ సూది వేశారు. కొద్ది వారాలు హాయిగా అనిపించింది. రెండో సూది తర్వాత అంతకుముందు కన్నా ఎక్కువైంది. స్టెరాయిడ్ వాపును అణచేస్తుంది. దాంతోపాటు క్రిమిని అడ్డుకునే శక్తిని కూడా తగ్గిస్తుంది. నొప్పి తగ్గి మళ్లీ రెట్టింపుగా తిరగబెట్టిందని రోగి చెబితే ఎముక సంగతి చూడాలి.

ఎముకల టీబీ అన్నిటిలోకీ ఎక్కువగా పట్టేది వెన్నెముకను. ఇంచుమించు సగం కేసులు అక్కడే. తర్వాత తుంటి, మోకాలు. భుజం వంతు నూటికి ఒకటో రెండో. అరుదు కాబట్టే దాని ఊసు ఎవరికీ తట్టదు. పైగా పెద్దవాళ్ల భుజంలో ఇది తరచు పొడి రూపంలో వస్తుంది. కేరీస్ సికా అని పాత పుస్తకాల పేరు. వాపు ఉండదు, చీము ఉండదు, ఎరుపు ఉండదు. కండ కరుగుతుంది, కీలు బిగుస్తుంది, అంతే. ఫ్రోజెన్ షోల్డర్ అని పొరబడటానికి కావలసినవన్నీ ఉంటాయి.

ఆమె ఎక్స్‌రేలో కీలు చుట్టుపక్కల ఎముక పల్చబడి ఉంది. భుజం గుండు అంచు కొరికినట్టు ఉంది. రెండు ఎముకల మధ్య సందు ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు. ఈ మూడూ కలిసి కనిపిస్తే, ఫెమిస్టర్ అనే అమెరికన్ సర్జన్ పేరుతో ఫెమిస్టర్ ట్రయాడ్ అని చెప్పుకుంటాం. టీబీ అనుమానానికి అది బలం. నిర్ధారణకు మాత్రం చాలదు. పరీక్షకు ఎముక ముక్క తీయాలి, అంటే బయాప్సీ చేయాలి అన్నాను.

‘ముక్క తీస్తే రోగం లేస్తదంట గదా సారు’ అన్నాడు ఆమె భర్త. నా వృత్తిలో ఎక్కువసార్లు విన్న మాట ఇదే కావచ్చు. అతనికి చెప్పింది ఇక్కడా చెబుతాను. ముక్క తీయడం వల్ల టీబీ పాకదు, చీము జబ్బు పాకదు. కంతి అని అనుమానం ఉన్నప్పుడు మాత్రం, చివరికి ఆపరేషన్ చేయబోయే చోటే, కోత ఎక్కడ పడాలో ఆలోచించి ముక్క తీయాలి. అది మేం పాటించాల్సిన జాగ్రత్త, రోగి భయపడాల్సిన విషయం కాదు.

సీ-ఆర్మ్ అనే థియేటర్ ఎక్స్‌రే యంత్రం కింద చూస్తూ ఎముక అంచు నుంచి, కీలు పొర నుంచి ముక్కలు తీస్తాం. వాటిని రెండు రకాల సీసాల్లో వేయాలి. సూక్ష్మదర్శిని కింద చూసే ముక్క ఫార్మలిన్‌లో వేయాలి. కల్చర్‌కు, సీబీనాట్ అనే జన్యుపరీక్షకు వెళ్లే ముక్క సెలైన్‌లో వేయాలి. ఫార్మలిన్‌లో పడితే క్రిమి చచ్చిపోతుంది, కల్చర్ పనికిరాదు. ఇది చిన్న సంగతిలా ఉంటుంది. కానీ థియేటర్‌లో అన్ని ముక్కలూ ఒకే సీసాలో పడ్డాయంటే రోగికి మళ్లీ కోత తప్పదు. అందుకే సీసాల మీద పేర్లు కోతకు ముందే రాయించి పెట్టుకుంటాను. ఎముకలో టీబీ క్రిములు కొద్దిగానే ఉంటాయి, స్లైడు మీద తరచు కనపడవు. సీబీనాట్ రెండు గంటల్లో క్రిమి జాడ చెబుతుంది, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. కల్చర్‌కు ఆరు వారాలు పట్టొచ్చు.

ఫలితం వచ్చాక ఆమె అడిగింది, ‘మా ఇంట్ల ఎవ్వరికి దగ్గు లేదు సారు. నాకెట్లొచ్చింది?’ ఎప్పుడో గాలితో ఊపిరితిత్తిలో చేరి అణగి ఉన్న క్రిమి, రక్తం వెంట వచ్చి ఎముకలో మేలుకుంటుంది. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లో టీబీ లేకపోతే భుజంలోది దగ్గుతో, తుమ్ముతో పక్కవాళ్లకు అంటదు. కంచం వేరు చేయక్కర్లేదు, మనవణ్ని దూరం పెట్టక్కర్లేదు. ఈ మాటలు రోగికి చెబితే చాలదు. కోడలు ఉన్నప్పుడు, కొడుకు ఉన్నప్పుడు, ఇంకోసారి చెప్పాలి.

ఏడాది

మందు మొదలవుతుంది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత పది నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా ఆరు నెలలు చాలు, ఎముకకు ఏడాది. అవసరమైతే 18 నెలలు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. బరువును బట్టి రోజువారీ మోతాదు. ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదైతే పోషణ కోసం నెలకు కొంత డబ్బు రోగి ఖాతాలో పడుతుంది. 2018 ఏప్రిల్‌లో 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఎముక టీబీ రోగికి కూడా ఇది వర్తిస్తుందని చాలామందికి తెలియదు. దగ్గు ఉంటేనే ఇస్తారనుకుంటారు.

మందు చీటీ చేతికిచ్చేటప్పుడు కొన్ని విషయాలు ముందే చెప్పకపోతే వారంలో మానేస్తారు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రక్తం కాదు. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా వెంటనే రావాలి. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియకపోయినా అదే రోజు రావాలి, అది ఇథాంబుటాల్ పని కావొచ్చు. షుగరు మాత్రలు వాడేవాళ్లకు రిఫాంపిసిన్ వల్ల ఆ మాత్రల బలం తగ్గి షుగరు పెరగవచ్చు. ఈమెకు అదే జరిగింది, ఇన్సులిన్‌కు మార్చాల్సి వచ్చింది. షుగరు అదుపులో లేకపోతే టీబీ మందు కూడా సరిగా పనిచేయదు.

కష్టమైన నెల మొదటిది కాదు, నాలుగోది. అప్పటికి నొప్పి పోతుంది. బరువు పెరుగుతుంది. ‘తక్కువైంది గదా, ఇంక ఎందుకని బంద్ చేసిన’ అనే మాట ఆ నెలలోనే వింటాను. నొప్పి పోయింది గానీ క్రిమి పోలేదని, మధ్యలో మానితే తిరగబెట్టే టీబీ మందులకు లొంగకపోవచ్చని ముందే చెప్పి ఉంచాలి. మా టీబీ విభాగం సూపర్‌వైజరు, వాళ్ల ఊరి ఆశా కార్యకర్త, ఫోన్ చేసి గుర్తుచేసే కూతురు, ఈ ముగ్గురిలో ఒకరున్నా ఏడాది గడుస్తుంది.

చేతిని ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. ఒకప్పుడు టీబీ పట్టిన కీలును నెలల తరబడి కట్టేసి కదలకుండా ఉంచేవాళ్లు. వారణాసిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ ఎస్.ఎం. తూలి మందుల అండతో కీలును కదిలించే దారి చూపారు. అందరికీ ఆపరేషన్ వద్దు, అసలు ఆపరేషనే వద్దనీ కాదు, మధ్యేమార్గం అన్నారు. మన దేశంలో మా తరం ఎముకల డాక్టర్లం ఆయన పుస్తకంతోనే టీబీ నేర్చుకున్నాం. ఆ ప్రకారమే మొదటి కొద్ది వారాలు చేతికి గుడ్డ ఊయలతో విశ్రాంతి. నొప్పి తగ్గగానే కదలిక. ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, రెండు చేతులతో కర్ర పట్టుకుని బాగున్న చేతితో రెండో చేతిని లేపడం. ఫిజియో చెప్పేవి ఇవే. ఇంట్లో చేయించేది మాత్రం మనవలు. గోడమీద నెలనెలా బొగ్గుతో గీత పెట్టమంటాను. తన చెయ్యి ఎంత పైకి పాకిందో కళ్లముందే కనపడితే ఎవరూ బతిమాలనక్కర్లేదు.

ఏడాది చివర ఆమె చెయ్యి నిటారుగా లేవలేదు. గుండు కొంత పోయింది, పోయినది రాదు. అయితే భుజం కీలు బిగిసినా గూడ ఎముక పక్కటెముకల మీద జారుతూ చేతికి కొంత ఎత్తు ఇస్తుంది. జడ వేసుకోగలిగింది. పై అరలో డబ్బా అందుకోలేకపోయింది. ఎంతవరకు వస్తుందో మొదటి నెలలోనే చెప్పి ఉండటం వల్ల ఆ డబ్బా గురించి మా మధ్య గొడవ రాలేదు.

చచ్చిన ఎముక

రెండో రకం జబ్బుకు పేరు కనిపెట్టడం అంత కష్టం కాదు. చొక్కా మీది మరకే చెబుతుంది. చిన్నప్పుడు జ్వరం వచ్చింది, చెయ్యి వాచింది, చీము తీశారు, మానింది. కొన్నేళ్లకు అదే చోట పొంగి పగిలింది. కారుతుంది, ఎండుతుంది, మళ్లీ కారుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక ఆటో డ్రైవరు భుజం కింద దూది పెట్టి ప్లాస్టరు అతికించుకుని కొన్నేళ్లుగా బండి నడుపుతున్నాడు. పెళ్లిచూపులకు వెళ్లాల్సి వచ్చిందని ఆసుపత్రికి వచ్చాడు.

దండచేయి ఎముక పొడవులో 80 శాతం పైచివర ఉన్న ఎదిగే పలక నుంచే వస్తుంది. చిన్నతనంలో చీము ఆ పలకను తినేస్తే ఆ చెయ్యి పొట్టిగా ఉండిపోతుంది. ఇతని చెయ్యి రెండోదానికన్నా పొట్టి. ఎప్పుడు మొదలైందో ఆ తేడాయే చెప్పింది.

ఎక్స్‌రేలో ఎముక లోపల తెల్లగా మెరిసే ముక్క ఉంది. సీక్వెస్ట్రమ్ అంటాం. రక్తప్రసారం తెగి చచ్చిపోయిన ఎముక. దాని చుట్టూ కొత్త ఎముక గోడ కట్టింది. రక్తం వెళ్లని చోటికి మందు వెళ్లదు. చచ్చిన ముక్క మీద క్రిములు పొరలా అతుక్కుని కూర్చుంటాయి. కాలిలో ముల్లు ఉంచి పైన ఎంత లేపనం రాసినా పుండు మానుతుందా? ఇదీ అంతే. కారినప్పుడల్లా అయిదు రోజులు యాంటీబయాటిక్ వేసుకుంటే కారడం ఆగుతుంది, జబ్బు ఆగదు. క్రిమి మాత్రం ఆ మందుకు అలవాటు పడుతుంది.

ఇక్కడా ముక్కే ముందు. రంధ్రం దగ్గర దూది పుల్లతో తీసిన చీములో చర్మం మీది క్రిములు కలుస్తాయి. లోపలి దొంగ ఎవరో తెలియాలంటే ఎముకలోంచే తీయాలి. రోగి ఒళ్లు నిలకడగా ఉంటే ఆపరేషన్‌కు రెండు వారాల ముందే యాంటీబయాటిక్స్ అన్నీ ఆపేస్తాం. వేర్వేరు చోట్లనుంచి, వేర్వేరు పరికరాలతో ముక్కలు తీస్తాం. ఏళ్ల తరబడి కారిన రంధ్రమైతే దాని అంచు కూడా పంపాలి. అక్కడ చర్మం క్యాన్సరుగా మారే ప్రమాదం ఉంది.

ఆపరేషన్‌లో చచ్చినదంతా తీసేసి, రక్తం చెమర్చే ఎముక కనపడేదాకా గీకాలి. భుజం పక్కనుంచి వెళ్లినప్పుడు గుర్తుంచుకోవాల్సింది యాక్సిలరీ నరం. భుజం కొస నుంచి ఇంచుమించు 5 సెంటీమీటర్ల కింద అడ్డంగా పోతుంది. దాన్ని కోస్తే డెల్టాయిడ్ చచ్చుబడి చెయ్యి లేవదు. తొలిచిన ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు పూసలు పెడతాం. ఆ తర్వాత మామూలుగా ఆరు వారాలు మందులు. ఈ మందులన్నీ రక్తనాళంలోకే ఎక్కించాలని ఒకప్పుడు రోగిని నెలన్నర మంచానికి కట్టేసేవాళ్లం. 2019లో ఓవివా అనే బ్రిటన్ అధ్యయనం వెయ్యికి పైగా రోగులను చూసి, సరైన మందు ఎంచుకుంటే తొలి ఆరు వారాలూ నోటిమాత్రలు కూడా సూదులకు తీసిపోవని తేల్చింది. ఆటో నడిపేవాడికి, కూలికి వెళ్లేవాడికి ఆ ఫలితం విలువ ఏమిటో లెక్క కట్టక్కర్లేదు.

కత్తి పట్టకూడని సందర్భం కూడా ఉంది. జార్జ్ సియెర్నీ, జాన్ మేడర్ అనే అమెరికన్ వైద్యులు 1985లో చేసిన వర్గీకరణ ఎముకనే కాదు, దాన్ని మోసే మనిషిని కూడా లెక్కలోకి తీసుకుంది. వైద్యం జబ్బుకన్నా ఎక్కువ బాధపెట్టేవాళ్లను అందులో వేరే తరగతిగా పెట్టారు. ఏడాదికోసారి నాలుగు చుక్కలు కారే ఎనభై ఏళ్ల గుండెజబ్బు మనిషికి శుభ్రమైన కట్టు, అప్పుడప్పుడూ చూసుకోవడం, అదే సరైన వైద్యం. ‘ఆపరేషన్ వద్దు’ అని చెప్పడానికి కూడా ఒక వయసు రావాలి డాక్టరుకు.

ఆదిలాబాద్ వైపు గూడేల నుంచి వచ్చే పిల్లల్లో ఇంకో మెలిక ఉంది. సికిల్ సెల్ ఉన్న పిల్లకు భుజం నొప్పి వస్తే అది రక్తనాళాలు మూసుకుపోయి ఎముక చనిపోవడం కావొచ్చు, చీము కావొచ్చు. మొదటి రోజుల్లో తేడా చెప్పడం చాలా కష్టం. చీమే అయితే మామూలుగా కనిపించే స్టాఫిలోకాకస్‌తో పాటు సాల్మొనెల్లా కోసం కూడా చూడాలి. భుజం ఎక్స్‌రే చీటీతో పాటు సికిల్ సెల్ రక్తపరీక్ష చీటీ రాయడం మాకు అలవాటైంది.

క్రిమి లేని వాపు

మూడో రకం వచ్చినప్పుడు మొదట గుర్తుపట్టేవాళ్లు తక్కువ. పదేళ్ల పాప. కాలర్ బోన్ లోపలి చివర, గొంతు పక్కన ఉబ్బు. నొప్పి వస్తుంది, పోతుంది. జ్వరం లేదు. బడిలో సంచి ఆ భుజాన వేసుకోలేకపోతోంది. తల్లిదండ్రులు క్యాన్సరేమోనని బెదిరిపోయి ఉన్నారు. ఆ అనుమానం మాకూ ఉంటుంది. ఆ వయసులో ఎముక ఉబ్బితే ఈవింగ్ సార్కోమా, రక్త క్యాన్సరు, టీబీ, చీము, అన్నీ లెక్కలోకి వస్తాయి. అన్నీ తీసేయగా మిగిలేదే ఈ జబ్బు. కాబట్టి ఇక్కడ ముక్క తీయడానికి అసలు కారణం జబ్బును పట్టుకోవడం కన్నా మిగతావి కావని తేల్చుకోవడం.

ముక్కలో వాపు కణాలున్నాయి. క్రిమి లేదు. కల్చర్‌లో ఏదీ పెరగలేదు, సీబీనాట్‌లో ఏదీ లేదు, క్యాన్సరు కణం లేదు. ఒళ్లంతా ఎంఆర్‌ఐ తీస్తే ఒక కాలి ఎముకలో కూడా మచ్చ కనపడింది. ఆ కాలు నొప్పి అని పాప ఎప్పుడూ చెప్పలేదు. స్విట్జర్లాండ్‌లో గీడియన్ బృందం 1972లో మొదట వివరించిన జబ్బు ఇది. క్రానిక్ నాన్‌బ్యాక్టీరియల్ ఆస్టియోమైలైటిస్ అని ఇప్పటి పేరు. పెద్దవాళ్లలో ఇలాంటిదే మొటిమలతో, అరచేతుల, అరికాళ్ల మీద చీముపొక్కులతో కలిసి వస్తే సాఫో సిండ్రోమ్ అంటారు. నేను పాదాలు చూసేది ఇందుకే.

క్రిమి లేదని చెబితే సంతోషిస్తారనుకుంటాం. ‘మరి రోగం ఎట్లొచ్చింది?’ అని ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఆయనకు రుచించలేదు. కొందరి రక్షణ వ్యవస్థ కారణం లేకుండా ఎముకలో వాపు పుట్టిస్తుంది. తిండి వల్ల కాదు, దెబ్బ వల్ల కాదు, ఎవరి తప్పూ కాదు. యాంటీబయాటిక్ ఆపేశాం. న్యాప్రాక్సెన్ వంటి వాపు తగ్గించే మాత్రలు మొదలుపెట్టాం, చాలామంది పిల్లలకు అవే సరిపోతాయి. సరిపోకపోతే మెథోట్రెక్సేట్, పామిడ్రోనేట్, వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే సూదులు ఉన్నాయి. అవి రుమటాలజిస్టు చేతిలో ఉండాలి. అందుకే పాపను హైదరాబాద్ పంపాం. టీఎన్‌ఎఫ్ సూది మొదలుపెట్టాలంటే మన దేశంలో ముందు టీబీ దాగి ఉందేమో చూడాలి. ఆ మందు అణగి ఉన్న టీబీని లేపుతుంది. ఒక జబ్బు వైద్యం ఇంకో జబ్బు గడప దగ్గరికి తీసుకెళ్లే చోటు ఇది.

పాప ఇప్పుడు బడికి వెళుతోంది. కాలర్ బోన్ కొంచెం లావుగానే ఉంది. నొప్పి మళ్లీ వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలుసు. ఈ జబ్బులో చేయగలిగింది పూర్తిగా మాన్పడం కన్నా లొంగదీసి ఉంచడమే. పిల్లలు ఎదిగేకొద్దీ చాలామందిలో అది సద్దుమణుగుతుంది.

రోగులకు, పీజీలకు

భుజం నొప్పితో ఇది చదివేవాళ్లు భయపడనక్కర్లేదు. మీ నొప్పి మామూలుదయ్యే అవకాశమే చాలా ఎక్కువ. అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి. భుజం కండ కరిగిపోవడం, పొద్దుగూకే వేళ జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎముక మీదే గట్టి ఉబ్బు, మానని రంధ్రం, సూది వేశాక తగ్గి అంతకన్నా ఎక్కువగా తిరగబెట్టిన నొప్పి. వీటిలో ఏది ఉన్నా తైలమర్దనాలు, కట్లు, ఇంకో సూది వద్దు. పాత ఎక్స్‌రేలన్నీ సంచిలో వేసుకుని రండి. కొత్త ఫిల్ము కన్నా పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూడటమే మాకు ఎక్కువ చెబుతుంది. మందు అయిపోగానే పని అయిపోయిందనుకోవద్దు, కనీసం రెండేళ్లు చూపించుకోవాలి.

మా పీజీలకు వేరే షరతు ఉంది. జ్వరంతో సోలిపోయిన పసివాడు వస్తే, రక్తం కల్చర్‌కు తీసి ఆ గంటలోనే మందు మొదలుపెట్టాలి, అక్కడ ఆగడం ప్రాణానికే ముప్పు. నెలల తరబడి నడుస్తున్న జబ్బుకు ఆ తొందర లేదు. పీజీలు కేసు షీట్‌లో జబ్బు పేరు రాసినప్పుడు, పక్కన ఆధారం ఏమిటో రాయాలి: ముక్కా, కల్చరా, సీబీనాటా, ఫిల్మా, ఊహా. ఊహ అని రాసినా నేను ఏమీ అనను, అక్కడి నుంచే పరీక్ష మొదలవుతుంది. ఆ గడి ఖాళీగా ఉంటే మాత్రం మందుల చీటీ మీద సంతకం పెట్టను.